కర్జకాన్ తోటలో ఎలుగుబంటి

నా చిన్నప్పుడు మా ఇంటి గుమ్మంలో నిలబడితే మొదట కనిపించేది ఇనుప చువ్వల వెనక కూర్చున్న ఒక ఎలుగుబంటి. ఈ మాట చెబితే మా ఉద్దానం వాళ్ళు, జీడితోటల్లో ఎలుగులను చూడనివాళ్ళు ఎవరున్నారు అంటారు. నేను చెప్పేది జీడితోట సంగతి కాదు. బహ్రెయిన్‌లో కర్జకాన్ అనే పల్లెకు ఆనుకుని ఉన్న ఖర్జూరపు తోట సంగతి. తొంభైల్లో మా నాన్న ఆ తోటలో పనిచేసేవాడు, అమ్మ తోట యజమాని ఇంటికి వంట చేసేది. మమ్మల్ని వీసా మీద పిలిపించుకున్న ఆ యజమానిని అందరిలాగే మేమూ కఫీల్ అనేవాళ్ళం, ఎదురుగా మాత్రం బాబా అని పిలిచేవాళ్ళం. ఆయన భార్యకు అమ్మ చేతి వంట నచ్చడంతో నన్ను కూడా తెచ్చి దగ్గర పెట్టుకోనిచ్చారు. కూలీల క్యాంపుల్లో ఉండే మనవాళ్ళకు లేని అదృష్టం మనకు పట్టిందని అమ్మ తరచూ అనేది.

ఆ ఎలుగును ఎవరో దూరదేశం నుంచి పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి కఫీల్‌కు కానుకగా ఇచ్చారట. మన ఎలుగులా నల్లగా ఉండేది కాదు, ముదురు బెల్లం రంగు. నేను వెళ్ళేనాటికే అది వెనక కాళ్ళ మీద లేస్తే మా నాన్నను మించిపోయేది. నీళ్ళ మోటారు పక్కన గచ్చు వేసి, చుట్టూ చువ్వలు బిగించి దానికొక దొడ్డి కట్టారు. చలిదేశపు జంతువు. వేసవిలో ఆ గచ్చు మీద బోర్లా పడి నాలుక బయటపెట్టి రొప్పుతూ ఉండేది. మొహం చువ్వలకేసి రుద్దీ రుద్దీ ముక్కు మీది బొచ్చు ఊడిపోయి పుండు పడింది. ఆ పుండు మీద ఎప్పుడూ ఈగలే. కుళ్ళిన ఖర్జూరాలు, ఉచ్చ, తడిసిన బొచ్చు కలిసిన ఆ కంపు గాలి తిరిగినప్పుడల్లా మా అన్నం కంచాల దాకా వచ్చేది. మొదట్లో నాకు దాన్ని చూస్తే జాలి కంటే రోతే ఎక్కువగా ఉండేది.

నాన్నకు మాత్రం ఆ రోత లేదు. పొద్దునా సాయంత్రం రొట్టెముక్కలు, మిగిలిన అన్నం, రాలిన ఖర్జూరాలు బకెట్టులో వేసుకుని వెళ్ళి, బకెట్టు మీద అరచేత్తో కొట్టి "రాయే, రా" అని పిలిచేవాడు. అది తల ఊపుకుంటూ వచ్చి తలుపు దగ్గర చతికిలబడేది. నాన్న గొట్టంతో నీళ్ళు కొడుతుంటే ముందుకాళ్ళు రెండూ పైకెత్తి నిలబడేది. అప్పుడు మాత్రం నేను దగ్గరకు వెళ్ళేదాన్ని. తడిసిన బొచ్చులోంచి దాని కళ్ళు బయటపడేవి. అంత పెద్ద తలకు అంత చిన్న కళ్ళేమిటా అని చూస్తూ ఉండిపోయేదాన్ని.

శుక్రవారం వస్తే మా మావయ్య వచ్చేవాడు. అమ్మకు తమ్ముడు. హిద్‌లో ఓడలు బాగుచేసే యార్డులో పని. వారమంతా ఇనుపరజను మింగి, సెలవు రోజున అమ్మ చేతి చేపల పులుసు తినడానికి బస్సు మారి బస్సెక్కి వచ్చేవాడు. తిన్నాక అరుగు మీద కూర్చుని ఎలుగు దొడ్డికేసి చూస్తూ ఎలుగు వేట కథలు మొదలుపెట్టేవాడు. వాళ్ళ నాన్నకు, అంటే మా అమ్మమ్మ ఇంటి తాతకు, పంట కాపలా కోసం లైసెన్సు తుపాకీ ఉండేది. ఆ తుపాకీ తీసుకుని జీడితోటల్లో ఎలుగులను ఎలా కొట్టాడో మావయ్య చెబుతుంటే నేను ఆవలించడం కూడా మరిచిపోయేదాన్ని.

ఆ కథల్లో పాఠాలు కూడా ఉండేవి. గాలి మన మొహానికి తగిలేలా నిలబడాలి, లేకపోతే మన వాసన దానికి ముందే అందిపోతుంది. పిల్లల్ని వీపు మీద మోసుకుపోయే తల్లి ఎలుగు జోలికి పోకూడదు. తలమీద గురిపెట్టకూడదు, దాని పుర్రె ఏటవాలుగా ఉండి గుండు జారిపోతుంది. ముందుకాలు వెనక, ఊపిరి ఆడే చోట కొట్టాలి. మన మనిషి అవతల ఉండగా తుపాకీ ఎత్తనే కూడదు. పడిపోయినా వెంటనే దగ్గరకు పోకూడదు. వీటన్నిటికన్నా ముందు, చేతిలో ఉన్న తుపాకీ ఎలుగుకు సరిపోయేదేనా అని చూసుకోవాలి. పిట్టలను కొట్టే సన్నగుండ్లతో ఎలుగు మీదికి పోయేవాడంత మూర్ఖుడు లేడనేవాడు.

"సిన్న తుపాకీతోటి కొడితే అది సావదే గుంటా. మండిపోతాది. మండిపోయిన ఎలుగు ఎదురొచ్చినోడినల్లా సీరేస్తాది. ఒక్క దెబ్బకి పడగొట్టే తుపాకీ నేకపోతే ఇంటికాడ కూకోవాల."

ఎక్కాలు వల్లించినట్టు ఇవన్నీ నేను వల్లించేదాన్ని. మావయ్య కథల్లో ఎలుగు ఒక్క దెబ్బకు పడిపోయేది. ఊరంతా డప్పులతో ఎదురొచ్చేది. తాత మీసం దువ్వుకునేవాడు. ఎదురుగా చువ్వల వెనక ఈగలు తోలుకుంటున్న ఆ జంతువుకూ, కథల్లో చెట్లు విరుచుకుంటూ వచ్చే ఎలుగుకూ ఏదో సంబంధం ఉందని నాకు తోచేదే కాదు.

ఒక చలికాలం పరిస్థితి మారింది. కంపు భరించలేకపోతున్నామని చుట్టుపక్కల తోటలవాళ్ళు కఫీల్‌తో గొడవపడ్డారు. అదే రోజుల్లో ఎలుగు చువ్వల మధ్య నుంచి పంజా చాచి ఎవరో చుట్టం పిల్లవాడి చొక్కా చేయి చింపేసింది. పిల్లవాడికి ఏమీ కాలేదు గాని ఇంట్లో ఆడవాళ్ళు భయపడ్డారు. దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని కఫీల్ తిరిగాడు. పిల్లగా ఉన్నప్పుడు ముచ్చటపడినవాళ్ళెవరూ పెద్దదయ్యాక తీసుకోలేదు. అప్పుడు ఆయన స్నేహితుడొకడు ఒక ఆలోచన చెప్పాడు. ఎలాగూ చంపాల్సిందే కదా, ఊరికే చంపడం దేనికి, ఒక శుక్రవారం నలుగురం కలిసి వేటాడదాం అన్నాడు. కఫీల్ వెంటనే ఒప్పుకోలేదని నాన్న చెప్పాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ స్నేహితుణ్ణి నేను బాగా చూశాను. తెల్లటి బట్టలు, దట్టమైన అత్తరు, అందరితోనూ నవ్వుతూ మాట్లాడే మనిషి. నాకు ఒక చాక్లెట్ కూడా ఇచ్చాడు. దేశదేశాల్లో వేటాడాడట. ఆ శుక్రవారం బండి దిగగానే జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లలంతా గోడ అవతలికి పోవాలి. పల్లె వైపు ఎవరూ పేల్చకూడదు. కార్లు వెనక పెట్టాలి. వేటాడేవాళ్ళు పికప్ బండి ఎక్కి దాని మీది నుంచే కొట్టాలి. విన్నంతసేపూ నాకు మావయ్య మాటలే విన్నట్టు ఉంది. ఈయనకు అన్నీ తెలుసు అనుకున్నాను.

అమ్మ వంటింట్లో పొద్దుట్నుంచీ వాళ్ళ భోజనానికి మాంసం ఉడికిస్తోంది. మావయ్య మామూలుగా పులుసు కోసం వచ్చాడు, సంగతి తెలిసి మొహం మాడ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. తన బావమరిదిది ఎలుగులు తిరిగే ఊరని నాన్న ఎప్పుడో కఫీల్‌తో చెప్పి ఉంటాడు. కఫీల్ మావయ్యను పిలిపించాడు. చాప మీద మూడు తుపాకులు పరిచి ఉన్నాయి. పిట్టలను కొట్టే జోడుగొట్టాలది ఒకటి, కుందేళ్ళకు వాడే సన్నపాటి రైఫిలు ఒకటి, పెద్ద రైఫిలు ఒకటి. నేను గోడ అవతలికి పోకుండా అమ్మ దగ్గరే ఉండి వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఎలుగుకు ఏది మంచిదని కఫీల్ హిందీలో అడిగాడు. మావయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పెద్దదాన్ని చూపించాడు. భుజం వెనక ఒక్క గుండు, అంతే, అదైనా కొట్టడం తెలిసినవాళ్ళు కొట్టాలి అన్నాడు.

ఆ స్నేహితుడు నవ్వాడు. అది నాకూ తెలుసు భాయ్ అన్నాడు. పెద్దదానితో కొడితే ఒక్క గుండుతో ఖలాస్, ఇంతమందిమి వచ్చి ఏం చూసినట్టు అన్నాడు. పైగా పెద్ద గుండు తోలును పాడుచేస్తుందట, ఆయనకు ఆ తోలు తన ఇంట్లో పరుచుకోవడానికి కావాలట. అందుకని సన్న రైఫిలు తను తీసుకుని, పిట్టల తుపాకీ పక్కవాడికి ఇచ్చాడు. పెద్దది చాప మీదే ఉండిపోయింది.

నాకప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. సన్న తుపాకీతో పోయేవాడు మూర్ఖుడని కదా మావయ్య చెప్పేవాడు. ఈయన మూర్ఖుడు కాదు. అన్నీ తెలిసే, నొప్పి ఎక్కువ సేపు ఉండేదాన్ని ఏరుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మనిషి ఆ తుపాకీని చేతుల్లోకి తీసుకున్న తీరు, కూరగాయల కొట్లో లేత కాయ ఎంచుకున్నట్టు, నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది.

దొడ్డి తలుపు తీశారు. ఎలుగు బయటకు రాలేదు. ఆ తలుపు తీస్తే తిండి వస్తుందని మాత్రమే దానికి తెలుసు. ఎప్పటిలాగే వచ్చి గడప దగ్గర చతికిలబడి నాన్న కోసం చూడసాగింది. కేకలు వేశారు, హారన్ కొట్టారు. అది తల అటూ ఇటూ ఊపింది, అంతే. యల్లా, యల్లా, త్వరగా కానివ్వండి అని బండి మీదివాళ్ళు విసుక్కున్నారు. చివరకు బకెట్టు తీసుకుని దాన్ని గడ్డిమడిలోకి నడిపించమని నాన్నకు చెప్పారు.

నాన్న కఫీల్ మొహంకేసి చూశాడు. కఫీల్ ఇంకెటో చూశాడు. నాన్న వెళ్ళి బకెట్టులో ఖర్జూరాలు వేసుకుని, దాని మీద అరచేత్తో కొట్టాడు. "రాయే, రా" అన్న పిలుపు మాత్రం ఆ రోజు నాకు వినిపించలేదు. ఎలుగు లేచి నాన్న వెనకే నడిచింది. అంతవరకూ దాని కాలికింద గచ్చు తప్ప మరొకటి లేదు. గడ్డి మీద అడుగుపెట్టగానే ఆగి, వంగి వాసన చూసింది. ఒక పక్కకు ఒరిగి భుజాన్ని గడ్డికేసి రుద్దుకుంది. దానికి హాయిగా ఉందని నాకు తెలిసింది. చూస్తున్న ఎవరికైనా తెలుస్తుంది.

నాన్న ఇంకా మడిలోనే ఉన్నాడు. బకెట్టు కింద పెట్టి నీళ్ళ కాలువ వైపు నడుస్తున్నాడు.

"బావా, వంగిపో," అని మావయ్య అరిచాడు. అంతలోనే పేల్చారు.

నాన్న పక్కన మట్టి లేచింది. ఆయన కాలువలోకి పడిపోయాడు. అమ్మ చేతిలోని గరిటె జారిపోయింది, నన్ను తోసుకుని బయటకు పరుగెత్తింది. నేను ఆమె వెనక పరుగెత్తాను. ఆ తర్వాత చప్పుడు మీద చప్పుడు. ఎలుగు నిలబడి ముందుకాళ్ళతో మొహం కప్పుకుంది, దోమలు కుట్టినప్పుడు మనం కప్పుకున్నట్టు. తర్వాత అరిచింది. నేనెన్నడూ దాని అరుపు వినలేదు. అది గర్జన కాదు. పక్కగదిలో పసిబిడ్డకు ఒళ్ళు కాలితే ఎలా ఏడుస్తుందో అలా ఉంది.

అది ఎవరి మీదికీ ఉరకలేదు. తిరిగి, వెనక కాలు ఈడ్చుకుంటూ, తన దొడ్డిలోకే పరుగెత్తింది. తీసి ఉన్న తలుపులోంచి లోపలికి పోయి మూలకు చేరి గోడవైపు తిరిగి కూర్చుంది. బండి మీద ఎవరో నవ్వారు. ఇల్లు మరిచిపోలేదు చూడు అని ఇంకొకరు అన్నారు. దాన్ని మళ్ళీ బయటకు తోలమని స్నేహితుడు మా నాన్నను పిలిచాడు.

నాన్న కాలువలోంచి ఒంటినిండా బురదతో లేచాడు. గుండు తగల్లేదు. అమ్మ ఆయన భుజాలూ చేతులూ తడిమి చూస్తోంది. ఆయన మొహం మీది బురద తుడుచుకున్నాడు. పిలుస్తున్నవాడివైపు కూడా చూడలేదు.

మావయ్య అరుగు దిగి కఫీల్ దగ్గరకు వెళ్ళి చేయి చాచాడు. పెద్దది ఇవ్వండి బాబా అన్నాడు హిందీలో. పనివాడు తుపాకీ అడగడం ఎంత ప్రమాదమో ఇప్పుడు తెలుసు నాకు. కఫీల్ ఆయన మొహంలోకి చూశాడు, దొడ్డికేసి చూశాడు. అరుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. కఫీల్ వంగి, పెద్ద రైఫిలు తీసి మావయ్య చేతిలో పెట్టాడు. తోలు, తోలు అని స్నేహితుడు అరుస్తున్నా ఆయన వినిపించుకోలేదు.

మావయ్య మమ్మల్నందరినీ తన వెనక్కి రమ్మని సైగ చేశాడు. దొడ్డి వెనక ఎవరూ లేరని తిరిగి చూసుకున్నాడు. చువ్వల దగ్గరకు వెళ్ళి పక్కకు తిరిగి, భుజం కనిపించేదాకా ఆగాడు. ఒకే ఒక్క చప్పుడు. అరుపు ఆగిపోయింది. మావయ్య అక్కడే చాలాసేపు నిలబడి, కదలిక లేదని నిశ్చయించుకున్నాక, తుపాకీలోని గుండ్లు తీసేసి, తెచ్చి చాప మీద పెట్టాడు. మోటారు దగ్గరకు నడిచివెళ్ళి వాంతి చేసుకున్నాడు.

అతిథులు చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఇది రాయడానికి కూడా నాకు అసహ్యంగా ఉంది. అమ్మ వండిన మాంసం, అన్నం పళ్ళెంలో కుప్పగా పోసుకుని తిన్నారు. ఇంకొంచెం అన్నం తెమ్మని అడిగారు. ఎవరు వేసిన గుండు ఎక్కడ తగిలిందని వాదించుకున్నారు. అమ్మ అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి లోపలికి వచ్చేసింది, వడ్డించలేదు. కఫీల్ మాత్రం ముద్ద ముట్టలేదు. భోజనాలయ్యాక స్నేహితుడు తోలు ఒలవమంటే, మావయ్య ఆ పని నాది కాదన్నాడు. దాన్ని అలాగే పాతిపెట్టమని కఫీల్ నాన్నతో చెప్పాడు. ఆ స్నేహితుడు అలిగి, బండి తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళిపోయాడు.

నాన్నా మావయ్యా గోతిలో మట్టి పోసి వచ్చేసరికి పొద్దు వాలింది. మావయ్య అరుగు మీద కూర్చున్నాడు. పులుసన్నం పెడితే వద్దన్నాడు. నేను పక్కన చేరి, మనసులో తిరుగుతున్నది అడిగేశాను.

"మావా, మన ఊళ్ళో వేట ఇలగుండదు కదా?"

ఆయన గోళ్ళలోని గోతిమట్టి గీకేసుకున్నాడు.

"ఇలగే ఉంటాదే గుంటా," అన్నాడు. "మీ తాత కొట్టిన ఎలుగు ఒక్క దెబ్బకి సావనేదు. అప్పుడు నాను నీ అంతోణ్ణి. నాటుతుపాకీలో మేకులు కూరి కొట్టినారు. పొదలోకెల్లిపోయి పొద్దు గూకేదాకా అలగే అరిసింది. దగ్గరికెల్లడానికి ఎవులికీ దైర్యం నేకపోయింది. ఎలుగుని నానెన్నడూ కొట్టనేదు. ఇదే మొదలు."

"మరి కథలో అలగ చెప్పలేదు కదా?"

"ఆ అరుపు కూడా కతలో ఎడితే ఎవులింటారే?"

ఆ మాట అని లేచి, చెప్పులు వేసుకుని బస్సుకోసం వెళ్ళిపోయాడు. తర్వాతి వారం రాలేదు. పనివాడి చేతికి తుపాకీ ఇచ్చావేమిటని ఆ స్నేహితుడు నలుగురిలో అల్లరి చేస్తున్నాడని, కొన్నాళ్ళు బావమరిదిని తోటకు రావద్దని చెప్పమని కఫీల్ నాన్నను కోరాడట. ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ పూర్తి కాలేదు. మావయ్యను చూడాలంటే మేమే మనామా బజారుకు వెళ్ళి, బస్టాండు దగ్గర కలుసుకుని, టీ తాగి వచ్చేవాళ్ళం. అడిగితే ఓడల కబుర్లు చెప్పేవాడు. వేట కథ మళ్ళీ ఆయన నోట నేను వినలేదు.

ఇప్పుడు నాకు నలభై దాటి కొన్నేళ్ళయింది. ఉద్దానంలోనే ఉంటున్నాను, ఊళ్ళో పిల్లలు పెద్దమ్మ అంటారు. మా జీడితోటల్లో ఎలుగులు ఇంకా తిరుగుతున్నాయి. గింజలేరడానికి వెళ్ళిన ఆడవాళ్ళ మీద పడుతున్నాయి. మా వీధిలోనే ఒకామెకు సగం మొహం లేదు. ఆమె ఎదురుగా నిలబడి, ఎలుగును చంపడం పాపమని నేను చెప్పలేను, చెప్పను కూడా. కానీ ఎవరైనా వేట కబుర్లు చెబుతుంటే అందులో ఏ ముక్క వదిలేశారా అని నా చెవులు దానికోసమే వెతుకుతాయి. మొన్నొక కుర్రాడు ఫోనులో వీడియో తెచ్చి చూపించాడు. బావిలో పడిన ఎలుగును రాళ్ళతో కొడుతున్నారు. చుట్టూ నవ్వులు. ఫోను వాడికి తిరిగిచ్చేశాను.

"అది మడిసిని సంపింది కదా పెద్దమ్మా," అన్నాడు వాడు నొచ్చుకుని.

"చంపక తప్పకపోతే చంపించండి బాబూ," అన్నాను. "సరైన తుపాకీ ఉన్నవాణ్ణి, చెయ్యి వణకనివాణ్ణి పిలిపించండి. ఒక్క దెబ్బతో పోనివ్వండి. నవ్వకండి."

వాడికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఫోను జేబులో పెట్టుకుని, అది చివరికి చచ్చిపోయిందో లేదో తనకు తెలియదని మెల్లగా చెప్పాడు. వెళ్ళి కనుక్కో అన్నాను. వాడు వెళ్ళాడు.